అమ్మ కొంగులో మట్టి

5 ఫిబ్రవరి 1981, గురువారం, ఆళ్ళగడ్డ

ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎవరికి భయపడతాయో ఆ పెద్దాయనను నంద్యాల ఆసుపత్రిలో చేర్చారట. గుండె అంటున్నారు. ఊళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. బస్టాండులో టీ కొట్టువాడు రేడియో కట్టేశాడు. పోయిన ఏడు వాడి సొంత మామ పోయిన రోజు కూడా ఆ రేడియో మోగుతూనే ఉండింది.

ఇలాంటి రోజుల్లో రాసుకోవడమే నయం. నా భార్య ఎస్తేరుకు చెబితే ఆమెకు నిద్ర ఉండదు. అమ్మకు చెబితే నాకు నిద్ర ఉండదు.

సాయంత్రం చొక్కా గుండీ కుట్టించుకుందామని ఇమాం సాహెబు కొట్టుకు వెళ్ళాను. మిషను పక్కన నల్లగుడ్డ తాను కనబడింది. "ఇంత నల్లగుడ్డ ఎవరికన్నా?" అని నవ్వుతూ అడిగాను. ఆయన నవ్వలేదు.

"ఓబులేసు ఇచ్చిపోయినాడు సారూ. బ్యాడ్జీలు కత్తిరిచ్చి పెట్టుకోమన్యాడు. ఎవురన్నా అడిగితే గొడుగు గుడ్డని చెప్పల్లంట."

"ఆయన ఇంకా బతికే ఉన్నాడు గదా?"

"అందుకే గదా సారూ గొడుగు గుడ్డ."

పెద్దాయన మాట ఊళ్ళోకి ఓబులేసు నోటితోనే వస్తుంది. రెండు వేసవుల కిందట మా ఇంటికీ వచ్చింది. తమ్ముడు సంజీవయ్య పెద్దాయన జీపు తోలేవాడు. ఆ వారం చాగలమర్రి రోడ్డులో ఎవరినో నరికారని, అక్కడ ఈ జీపే ఉందని జనం అనుకున్నారు. తమ్ముణ్ణి నేనేమీ అడగలేదు, వాడూ చెప్పలేదు. ఒకరోజు వాడు ఇంటికి రాలేదు. మర్నాడు ఓబులేసు మా వాకిట్లో నిలబడి, "నీ తమ్ముడు బొంబాయికి పోయినాడు సారూ. ఎతకాకండి. ఏడుపులు గీడుపులు పెట్టాకండి. బతికుండే మనిషి కోసరం ఏడిస్తే ఊర్లో యేరే మాట పుడ్తాది" అని చెప్పి పోయాడు.

మేము ఏడవలేదు. బొంబాయి పెద్ద ఊరు. డ్రైవర్లకు అక్కడ పనికి కొదవ ఉండదు. ఉత్తరం రాయకపోవడం వాడికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే.

6 ఫిబ్రవరి

ఇంకా ఉన్నారు.

7 ఫిబ్రవరి, శనివారం

అమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతూ, "సచ్చినాడా?" అని అడిగింది. గొంతు ఏమాత్రం తగ్గించలేదు.

"ఎవరమ్మా?" అన్నాను తెలియనట్టు.

"నంద్యాలలో పండుకోని ఉండాడు గదా, ఆయప్ప."

ఎస్తేరు ఒక్క ఉదుటున వెళ్ళి తలుపు వేసింది. మా పక్కింటివాళ్ళు మంచివాళ్ళే. కానీ భయపడిన మంచివాళ్ళు ఏం చేస్తారో చెప్పలేం, నన్ను చూస్తే చాలు కదా.

ఆళ్ళగడ్డలో మా అమ్మ దానమ్మ అంటే పాతవాళ్ళకు ఒకటే గుర్తు. నా చిన్నప్పుడు ఒక భూస్వామి ఇంటి జీతగాడు మా నాయనను నడిబజార్లో తన్నాడు. అమ్మ పరుగెత్తుకుంటూ వెళ్ళి, కింద మట్టి పిడికిళ్ళతో ఎత్తి, వాడి ముఖాన దుమ్మెత్తి పోసింది. "నీ ఇంట దీపం ఆరిపోను" అంటూ పోసింది. ఆ ఏడే వాడు విషజ్వరంతో పోయాడు. కాకతాళీయం అని నేను బడిలో పిల్లలకు అర్థం చెబుతుంటాను. ఊరు మాత్రం అలా అనుకోలేదు. ఇప్పటికీ అమ్మ వంగి నేల మీది చీపురు తీసినా, దారిన పోయేవాళ్ళు కాస్త పక్కకు జరుగుతారు.

సంజీవయ్య వెళ్ళాక అమ్మ ఒక్కసారి కూడా ఏడవలేదు. వాడి పళ్ళెం మాత్రం గూట్లో బోర్లించి పెట్టింది. దాంట్లో ఎవరినీ తిననివ్వదు.

8 ఫిబ్రవరి, ఆదివారం

చర్చిలో అయ్యగారు పెద్దాయన ఆరోగ్యం కోసం ప్రార్థన చేశారు. జనం క్రిస్మసు నాడు కూడా అంత గట్టిగా ఆమెన్ అనలేదు. అమ్మ నోరు విప్పలేదు. ముందు బెంచీలో ఒకామె తల తిప్పి చూసింది. అమ్మ వంతు కూడా కలిపి నేను రెండుసార్లు ఆమెన్ అన్నాను.

9 ఫిబ్రవరి, సోమవారం

పోయారు.

కొట్లన్నీ మూశారు. కోయిలకుంట్ల బస్సు రాలేదు. మధ్యాహ్నం ఓబులేసు జీపు వేసుకుని వీధి వీధీ తిరిగాడు. రేపు ఉదయం నంద్యాల నుంచి శవాన్ని లారీ మీద ఊరేగింపుగా తెస్తారు. చాగలమర్రి రోడ్డులో, వాళ్ళ తోటలోనే మట్టి చేస్తారు. ఇంటింటి మనుషులూ రావాలి. బడి పిల్లలు రోడ్డు పక్కన వరసగా నిలబడాలి.

మా ఇంటి ముందు జీపు ఆగింది. ఎస్తేరు నా చెయ్యి పట్టుకుంది. ఎవరు ఎవరిని పట్టుకున్నామో నాకు తెలియదు.

"సారూ, మీ యమ్మను తప్పకుండా పిల్చకరావల్ల. చిన్నాయనే చెప్పమన్యాడు."

చిన్నాయన అంటే పెద్దాయన కొడుకు. ఇకపై అంతా ఆయనే.

"మా అమ్మ ఎందుకన్నా? ముసలిది, మోకాళ్ళ నొప్పులు..."

"డ్రైవరోని తల్లి గూడా వచ్చి ఏడ్చిందంటే, ఊర్లో కూసే నోర్లు మూతపడ్తాయి. తెల్లారి ట్రాక్టరు పంపిస్తా."

రాకపోతే ఏమవుతుందని నేను అడగలేదు. "అట్లే అన్నా" అని నా గొంతే అనడం నాకు వినబడింది. లోపలికి వచ్చి చూస్తే అమ్మ తెల్లచీర తీసి దులుపుతోంది. పిలవకపోయినా వెళ్ళేటట్టుంది. అది నాకు ఇంకా భయంగా ఉంది.

10 ఫిబ్రవరి, మంగళవారం, పొద్దున

అమ్మ తెల్లవారకముందే మా చర్చి సమాధుల తోటకు వెళ్ళి వచ్చింది. కొంగు చివర ఏదో మూటకట్టి ఉంది. ఎస్తేరు తడిమి చూసి, నా వైపు చూసింది. నేనూ తడిమాను.

మట్టి.

"అమ్మా, ఎందుకిది?" అన్నాను.

"అది నాది."

"ఆ ముఖం మీద దుమ్మెత్తి పోస్తావా? అందరి ఎదుటా? మనల్ని బతకనిస్తారా?"

"నా కొంగు జోలికి రావాకురా కిరపా."

కాళ్ళు పట్టుకున్నాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు, నిజంగానే పట్టుకున్నాను. ఆమె నా తల నిమిరి, "గడ్డం గీసుకోపో, ట్రాక్టరొస్తాది" అంది. ఇంట్లో ఉంచేస్తే ఎందుకు రాలేదని అడుగుతారు. తీసుకుపోతే ఆ మట్టి. ఆమె కుడిచేతిని ఒక్క క్షణం కూడా వదలకూడదని నిర్ణయించుకున్నాను.

ట్రాక్టరు వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

రాయకపోతే ఈ రాత్రి గడవదు, అందుకే రాస్తున్నాను.

అంత జనాన్ని నేను ఎన్నడూ చూడలేదు. ఆత్మకూరు వైపు నుంచి కూడా లారీల్లో వచ్చారు. మిద్దెల మీద, బస్సుల మీద, వేపచెట్ల మీద జనం. ఓబులేసు మనుషులు అక్కడక్కడా ఎత్తున నిలబడి ముఖాలు చూస్తున్నారు. ఎవరి మీద వాళ్ళ చూపు పడితే వాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. మా మూడో తరగతి అమ్మాయి ఒకతె, "సార్, మేం ఎప్పుడు ఏడవల్ల?" అని అడిగింది. ఇంకెప్పుడూ అలా అడగొద్దని చెప్పాను.

ఇమాం సాహెబు నా చొక్కాకు నల్లబ్యాడ్జీ గుచ్చుతూ చెవిలో, "సగం మంది కనపడేదానికొచ్చినారు సారూ. సగం మంది నిజంగానే పోయినాడా అని చూసేదానికొచ్చినారు" అన్నాడు. సూది నా వేలికి గుచ్చుకుంది. తప్పు ఆయనది కాదు, నేనే కదిలాను.

కానీ ఆయన లెక్కకు అందని మనుషులు కూడా ఉన్నారు. బంతిపూల లారీ కదిలి వచ్చేసరికి జనంలో నుంచి లేచిన ఏడుపు భయంతో ఏడ్చేది కాదు. బడిలో దొంగ ఏడుపులు రోజూ చూసేవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు. నా పక్కన కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చిన ఒకామె గుండెలు బాదుకుంటోంది. పేరు రామేశ్వరమ్మ అని చెప్పింది. సొమ్మసిల్లి పడబోతే పట్టుకున్నాను.

"ఆయన మీకు చుట్టమా అమ్మా?"

"చుట్టమా!" ఆమె నా వైపు కోపంగా చూసింది. గొంతు తగ్గించింది. "నా మొగున్ని గట్టు కాడ నరికినోళ్ళు ఈయప్ప మనుషులే."

"మరి ఇంతగా ఏడుస్తున్నారే?"

"ఆ పొద్దు నన్ను ఏడ్వనీలేదు సారూ. మూటగట్టి పెట్టుకోనుండా. ఈడ ఎంత ఏడ్చినా ఎందుకేడుస్తాండావని ఎవురూ అడగరు."

మళ్ళీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు అందుకుంది. మేము మాట్లాడటం ఎవరైనా చూశారేమోనని నేను పక్కకు జరిగాను. ఆ జరగడంలోనే అమ్మ చెయ్యి జారిపోయింది.

తోటలో గుంత చుట్టూ తాడు కట్టారు. చిన్నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఓబులేసు. ఇంటివాళ్ళు మట్టి వేశాక జనాన్ని ఒక్కొక్కరినీ వదులుతున్నారు. ఆ వరసలో ముందుకు పోతున్న తెల్లచీర అమ్మది. "అమ్మా" అని పిలవబోయాను. అందరూ చూస్తారని మానుకున్నాను. మనుషుల్ని తోసుకుంటూ పోయాను, ఎవరో నా చొక్కా పట్టి లాగారు.

అమ్మ గుంత దగ్గరికి వెళ్ళి కొంగు ముడి విప్పింది. ఓబులేసు ఆమె చేతినే చూస్తున్నాడు. అతనికీ ఆ పాత సంగతి తెలుసు, అప్పుడతను అదే బజార్లో ఉండేవాడు. అతని చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అమ్మ పిడికిలి బిగించింది. నేను కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ప్రభువా అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. గుంతలోకి బాగా వంగి, పిడికిలి కొంచెం కొంచెంగా వదులుతోంది, పసిబిడ్డ నోట్లో అన్నం పెట్టినట్టు. మట్టి అయిపోయాక ఆమె నోరు తెరిచింది.

"కొడకా... చిన్నోడా... అన్నం తినకుండా పోతివే నాయనా... నిన్ను చూడనియ్యలేదే నాకు..."

ఆ ఏడుపు నేను నాయన పోయినప్పుడు కూడా వినలేదు. ఆడవాళ్ళందరూ ఆమెతో గొంతు కలిపారు. చనిపోయినవాడు ఎంత పెద్దవాడైనా ముసలమ్మలు కొడకా అనే ఏడుస్తారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. చిన్నాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఓబులేసు తుడుచుకోలేదు. అమ్మనే చూస్తున్నాడు.

చిన్నోడా అన్నది ఎవరినో నాకు తెలుసు. మా ఇంట్లో ఆ పేరు ఒక్కడికే ఉంది.

11 ఫిబ్రవరి, బుధవారం

బడి లేదు. తలుపు తీయలేదు. రాత్రంతా ఎస్తేరు, నేను ఒకరికొకరం నిద్రపోతున్నట్టు నటించాం. అమ్మ మాత్రం హాయిగా నిద్రపోయింది. రెండేళ్ళలో ఆమె గురక వినడం ఇదే మొదలు.

పొద్దున అడిగాను. "దుమ్మెత్తి పోస్తావని హడలిపోయాను. ఆ మట్టి ఎందుకు తెచ్చావు?"

"మీ నాయన సమాది మీది మన్ను అది. మనోల్లు పోతే ఇంటోల్లు గుంతలో మన్నెయ్యల్ల గదా. వానికి ఎవురూ ఎయ్యలేదు."

"ఎవరికి?"

ఆమె నా వైపు చూసింది. మెల్లగా చెప్పింది. "నా బిడ్డ గుంత యాడుందో నాకు తెలీదు. ఆ గుంతలోకి పోయినాయప్పకు తెలుసు. అందుకే ఆయప్పతో పంపిచ్చినా."

"అమ్మా, వాడు బొంబాయిలో ఉన్నాడు."

"ఊ" అంది అమ్మ. బియ్యం చెరగడానికి పోయింది.

వయసు మీద పడితే మనసు ఇలాగే అయిపోతుంది. బొంబాయి పెద్ద ఊరు.

12 ఫిబ్రవరి

జీపు వీధిలోకి వచ్చి, మలుపు దగ్గర కాసేపు ఆగి, వెనక్కి పోయింది. ఎస్తేరును ఆత్మకూరులో వాళ్ళ అక్క ఇంటికి పొమ్మన్నాను. "మీరు వస్తే పోతా" అంది. బస్సు కోసం రోడ్డు మీద నిలబడటానికి నాకు ధైర్యం లేదు, ఆ మాట మాత్రం చెప్పలేదు.

13 ఫిబ్రవరి, శుక్రవారం

వచ్చారు.

చిన్నాయన స్వయంగా వచ్చాడు. వెనక ఓబులేసు. వీధిలో ఒక్క తలుపు కూడా తెరిచి లేదు, ఇమాం సాహెబు కొట్టు తప్ప. ఆయన మిషను మీద తల వంచుకుని, దారం లేని సూదితో ఉత్తగా తొక్కుతూనే ఉన్నాడు. పారిపోకుండా అక్కడ కూర్చున్నందుకు ఆయన మేలు మరచిపోను.

నేను కుర్చీ వేశాను. చిన్నాయన కూర్చోలేదు. అమ్మ ముందు నిలబడ్డాడు.

"అవ్వా, మా నాయన కోసరం నువ్వు ఏడ్చినట్ల మా ఇంటోల్లు గూడా ఏడ్వలేదు. నీ కొడుకు మా కాడ పన్జేసినాడంట గదా. నీకేం కావల్లో అడుగు."

ఓబులేసు చేతిలో చీర ఉంది. ఆమె అడగగలిగేది ఒకటే ఉంది. అది అడిగితే మా ముగ్గురి పని అయిపోతుంది. వద్దమ్మా, వద్దమ్మా అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

"చీర వద్దులే నాయనా" అంది అమ్మ. "నాకు ఆ తోటలోకి రానియ్యి. అప్పుడప్పుడూ వచ్చి నాలుగు పూలు పెట్టుకోనొస్తా. కాపలావోల్లు అడ్డం పడకుండా చెప్పు."

చిన్నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నటన కాదు, తండ్రి పోయినవాడు. "నువ్వు ఎప్పుడొచ్చినా రావచ్చు అవ్వా. ఓబులేసూ, వింటివా? ఈమెను ఎవురూ ఆపగూడదు" అని చెప్పి జీపెక్కాడు.

ఓబులేసు ఎక్కలేదు. నన్ను గోడ పక్కకు పిలిచాడు. అతని ముఖం చూసి నాకు భయం వేసింది, ఎందుకంటే అతని ముఖంలోనూ భయమే ఉంది.

"సారూ, తోటలో ఉండాడని మీ యమ్మకు ఎవురు చెప్పినారు?"

నాకు అర్థం కాలేదు. "తోటలో ఎవరు?" అన్నాను.

అతను నా కళ్ళలోకి చూశాడు. నాకు నిజంగానే తెలియదని అప్పుడు అతనికి తెలిసింది. చేతిలోని చీర నా చేతిలో పెట్టాడు.

"ఏం ల్యా సారూ. పూల సంగతి అడిగినా."

"నాకు సరిగా వినబడలేదన్నా" అన్నాను. అంత తొందరగా అంత తెలివి నాకు ఎలా వచ్చిందో. "ఈ చెవి మొదటినుంచీ మందం."

"అట్లే ఉండనీ" అన్నాడు. జీపు వెళ్ళిపోయింది.

ఇమాం సాహెబు మిషను తొక్కడం ఆపాడు.

14 ఫిబ్రవరి

నా తమ్ముడు సంజీవయ్య బొంబాయిలో లేడు.

15 ఫిబ్రవరి, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. నిన్నంతా ఆ మాట నా గొంతులో ఉండిపోయింది. చెబితే అమ్మ తోటలో ఏం చేస్తుందోనని భయం. చెప్పకపోతే ఏమీ తెలియకుండానే వాడి మీద నడుచుకుంటూ పోయి, ఆ పెద్దాయన సమాధి మీద పూలు పెట్టి వస్తుందని ఇంకో భయం. రెండో భయమే పెద్దదనిపించింది.

అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. పక్కన కూర్చున్నాను. ఓబులేసు అన్న మాట అన్నట్టే చెప్పాను.

ఆమె చేతులు ఆగాయి. "ఏ పక్కనంట?" అంది.

"తెలియదమ్మా. అడిగితే మనం మిగలం."

"అడగొద్దు." మళ్ళీ చిక్కుడు తీసుకుంది. "పూలు తోటంతా సల్లొస్తాలే. యాడున్నా వానికి ఒకటన్నా పడ్తాది."

గూట్లో బోర్లించిన పళ్ళెం కనబడుతోంది. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, నావల్ల కాలేదు. నా వయసువాడు, బడిలో పిల్లల్ని దబాయించేవాడు, పెద్దగా, వెక్కివెక్కి ఏడ్చాను. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. ఎస్తేరు కంగారుగా తలుపు వేయడానికి లేచింది.

అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"తీసే ఉండనియ్యి ఎస్తేరూ. వాణ్ణి ఏడ్వనీ. ఎవురన్నా అడిగితే పెద్దాయన కోసరమని చెప్పు."